40,000 రూపాయల్లో గేమింగ్ కంప్యూటర్: గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనాలా, తరువాత కొనవచ్చా?

ప్రశ్న
వంశధార ఒడ్డు, నరసన్నపేట దగ్గర పల్లె, 2024 జూన్

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఇంటర్ పూర్తి చేసి ఈ ఏడాది ఇంజనీరింగ్‌లో చేరబోతున్నాడు. చదువుకోవడానికీ, ఆడుకోవడానికీ పనికివచ్చే ఒక కంప్యూటర్ కొనిస్తానని వాడికి రెండేళ్ల కిందటే మాట ఇచ్చాను. కిందటి నెల చీటీ పాడగా చేతికి వచ్చిన డబ్బులో ఇంటి అవసరాలు పోను 40,000 రూపాయలు దీనికోసం పక్కన పెట్టాను. అంతకు మించి ఇప్పట్లో కుదరదు. ఒకసారి కొన్నది కనీసం వాడి చదువు పూర్తయ్యే నాలుగేళ్లూ నిలబడాలన్నది నా కోరిక.

వాడు ముఖ్యంగా ఆడాలనుకుంటున్నవి వాలొరెంట్, జీటీఏ 5. చదువుకు సీ, పైథాన్, రెండో ఏడాది నుంచి ఆటోక్యాడ్ లాంటివి అవసరపడతాయని సీనియర్లు చెప్పారు. శ్రీకాకుళంలో ఒక దుకాణానికి వెళ్లి అడిగితే కాగితం మీద ఇలా రాసి ఇచ్చారు: ఐ5 నాలుగో తరం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 వాట్ల గేమింగ్ ఎస్‌ఎంపీఎస్, రంగుల లైట్లున్న క్యాబినెట్, 22 అంగుళాల మానిటర్, అన్నీ కలిపి 38,500. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ అదనమన్నారు. నాకు ఈ విషయాలు అంతగా తెలియవు కానీ, ఏ వస్తువుకూ కంపెనీ పేరు గానీ, మోడల్ నంబరు గానీ రాయకపోవడం వల్ల అనుమానం వచ్చి బయానా ఇవ్వకుండా వచ్చేశాను.

మరో సంగతి కూడా చెప్పాలి. సాయంత్రం ఆరు దాటితే మా వీధిలో వోల్టేజీ బాగా పడిపోతుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది. ఇంట్లో 32 అంగుళాల టీవీ ఒకటి, తిత్లీ తుఫాను తరువాత కొన్న ఇన్వర్టర్ ఒకటి ఉన్నాయి. ఈ పరిస్థితుల్లో డబ్బును ఎలా ఖర్చు పెట్టమంటారో దయచేసి చెప్పండి.

జవాబు 1
కోటగుమ్మం, విజయనగరం

నమస్కారం. బయానా ఇవ్వకుండా వచ్చేసి చాలా మంచి పని చేశారు. పదేళ్లుగా బంధువుల పిల్లలకూ, స్నేహితులకూ కంప్యూటర్లు బిగించి ఇస్తున్నాను. ఇది నాకు వృత్తి కాదు, ఇష్టంతో చేసే పని. మీకు రాసి ఇచ్చినలాంటి కాగితాలు ఏడాదికి నాలుగైదైనా నా దగ్గరికి వస్తుంటాయి కాబట్టి, అందులో ఏముందో ముందు విప్పి చెబుతాను.

ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లు 2013లో వచ్చాయి. అవి పాత డీడీఆర్3 ర్యామ్‌తో పనిచేస్తాయి, వాటిని అమర్చే సాకెట్‌లో ఇకముందు పెట్టుకోదగిన కొత్త ప్రాసెసర్ ఏదీ లేదు. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే నడుస్తుంది, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుంది. పైగా వాలొరెంట్‌ను విండోస్ 11 మీద ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు తప్పనిసరి. అంటే మీ తమ్ముడు రెండో ఏడాదిలో అడుగు పెట్టేసరికే ఆ యంత్రం కాలం చెల్లిపోతుంది.

ఇక 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మలను తయారుచేసే భాగం) అన్న మాట. బస్తా మీద 25 కిలోలని రాసి, లోపల ఉన్నవి ఏ బియ్యమో చెప్పకపోవడం లాంటిది ఇది. కార్డు బలాన్ని నిర్ణయించేది దానిమీద ఉన్న చిప్పు, మెమరీ వేగం. ఎన్ని జీబీలన్నది ఆ తరువాతి సంగతి. 2014లో వచ్చిన జీటీ 730 అనే చిన్న కార్డు కూడా 4 జీబీ మెమరీతో దొరుకుతుంది. ఇవాళ కొన్ని ప్రాసెసర్లలోనే కలిసి వచ్చే గ్రాఫిక్స్ దానికంటే ఎన్నో రెట్లు మేలు. అందుచేత చిప్పు పేరు రాయని కొటేషన్‌ను లెక్కలోకి తీసుకోకండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆ 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెను వదిలేసి, పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ విద్యుత్తును దాదాపుగా ఆ 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి కాబట్టి, ఆ ఆంపియర్లను 12తో గుణిస్తే వచ్చేదే దాని అసలు శక్తి. కిందటి ఏడాది నా దగ్గరికి మరమ్మతుకు వచ్చిన ఒకదాని మీద 500 అని ఉంది, పట్టికలో చూస్తే 16 ఆంపియర్లు, అంటే 192 వాట్లు. మూత విప్పి చూశాను. కరెంటు లోపలికి వచ్చే చోట రాగి చుట్టలూ, కెపాసిటర్లూ ఉండవలసిన గళ్లు బోర్డు మీద అచ్చు వేసి ఉన్నాయి కానీ అవన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటి బదులు రెండు చిన్న తీగ ముక్కలు అడ్డంగా వేసి టంకం పెట్టేశారు. అటువంటిది కాలిపోయేటప్పుడు తనతోపాటు మదర్‌బోర్డునూ, డిస్కునూ తీసుకుపోయే ప్రమాదం ఉంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్లో దాన్ని అసలే పెట్టకూడదు.

మీ డబ్బుకు నా సలహా ఇది. గ్రాఫిక్స్ కార్డును ఇప్పుడు కొనకండి. ఏఎండీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకోండి. 2021లో వచ్చినదే అయినా ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్నాయి, ఆటోక్యాడ్ దాకా చదువుకు ఏ లోటూ ఉండదు, లోపలే ఉన్న వేగా గ్రాఫిక్స్‌తో వాలొరెంట్ హాయిగా, జీటీఏ 5 మధ్యస్థమైన సెట్టింగులతో నడుస్తాయి. ఈ 2024 జూన్‌లో నేను చూస్తున్న ధరల ప్రకారం ప్రాసెసర్ సుమారు 11,500, బీ550 మదర్‌బోర్డు 8,500, 8 జీబీ చొప్పున రెండు ర్యామ్‌లు 3,500, 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగవంతమైన రకం) ఎస్‌ఎస్‌డీ 3,200, విద్యుత్తు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 4,200, ముందువైపు జల్లెడ, రెండు ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్ 2,800, కీబోర్డు, మౌస్ కలిపి 1,000 అవుతాయి. మొత్తం 34,700. మానిటర్ బదులు కొన్నాళ్లు ఇంట్లో ఉన్న టీవీనే వాడుకుంటే ఇంకా 5,300 మిగులుతుంది. అది ఎక్కడ ఖర్చు పెట్టాలో కరెంటు సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ చెబుతారు.

టీవీ అంటే వెనకడుగు వేయనక్కరలేదు. 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి 1366 × 768 బిందువులే ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు 20 లక్షల పైచిలుకు బిందువులుంటే దీనికి సుమారు పదిన్నర లక్షలు, అంటే సగమే. గ్రాఫిక్స్ మీద భారం ఆ మేరకు తగ్గి సెకనుకు గీసే ఫ్రేములు (బొమ్మలు) పెరుగుతాయి. టీవీ మెనూలో గేమ్ మోడ్ ఉంటే అది తప్పకుండా పెట్టండి, లేకపోతే మౌస్ కదిపిన తరువాత తెర మీద బాణం ఆలస్యంగా కదులుతుంది.

ర్యామ్ విషయంలో దుకాణదారు 16 జీబీది ఒకటే తీసుకోమని, తరువాత ఇంకొకటి వేసుకోవచ్చని చెబుతారు. ఒప్పుకోవద్దు. 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అది మన ర్యామ్‌నే వాడుకుంటుంది. 3200 వేగమున్న డీడీఆర్4 ర్యామ్ ఒకటే ఉంటే సెకనుకు 25.6 జీబీ సమాచారం పారుతుంది, రెండు వేర్వేరు చానళ్లలో ఉంటే 51.2 జీబీ. చెరువులో నీళ్లు ఎన్ని ఉన్నా ఒక్క తూము నుంచి పారేది ఒక్క తూముకు సరిపడా నీరే కదా. ఇదే ప్రాసెసర్‌తో ఒకే ర్యామ్ పెట్టుకుని ఆట ఆగి ఆగి నడుస్తోందని నా దగ్గరికి వచ్చినవారున్నారు. రెండోది వేయగానే, ఇంకేమీ మార్చకుండానే, వారి సమస్య తీరింది.

చివరగా, చిన్న కార్డైనా ఇప్పుడే కొందామని మీ తమ్ముడు అడగవచ్చు. చవగ్గా దొరికే ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 4 జీబీ మెమరీయే ఉంది. పైగా అది మదర్‌బోర్డుతో నాలుగు లేన్ల (సమాచారం పారే దారుల) మీదే మాట్లాడుతుంది. 5600జీ ప్రాసెసర్ ఆ దారులకు పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 వేగమే ఇస్తుంది కాబట్టి ఆ నాలుగు లేన్లు ఇరుకైపోతాయి. ఏడాది ఆగి 8 జీబీ ఉన్న ఆర్‌ఎక్స్ 6600 స్థాయి కార్డు తెచ్చుకుంటే దానికి ఎనిమిది లేన్లు ఉన్నాయి, 132 వాట్లు మాత్రమే తీసుకుంటుంది, ఈ ఎస్‌ఎంపీఎస్ దాన్ని సునాయాసంగా మోస్తుంది. అప్పటికి ఇందులో ఏ వస్తువునూ తీసి పారేయవలసిన పని ఉండదు. అందుకే ఈ క్రమాన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను.

జవాబు 2
వేగావతి, బొబ్బిలి

పైవారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ సెకండ్‌హ్యాండ్ కార్డు అన్న దారిని ఆయన అసలు ప్రస్తావించలేదు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. నాది కూడా ఇంచుమించు మీ బడ్జెట్టే. 2023లో నేను ఐ3 12100ఎఫ్ ప్రాసెసర్ తీసుకుని, ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక వ్యక్తి దగ్గర వాడిన ఆర్‌ఎక్స్ 580 8 జీబీ కార్డు కొన్నాను. ప్రాసెసర్ నిక్షేపంలాంటిది, నాలుగు కోర్లే అయినా ఆటల్లో చురుకుగా ఉంటుంది. అయితే పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పాడైతే తెర మీద ఏమీ రాదు.

నా విషయంలో సరిగ్గా అదే జరిగింది. రెండు నెలలకే ఆట మధ్యలో తెరంతా ఆకుపచ్చ గళ్లు రావడం మొదలైంది, మూడో నెలలో పూర్తిగా ఆగిపోయింది. అమ్మినాయన ఫోను ఎత్తలేదు. పరీక్షల ముందు ప్రాజెక్టు రికార్డు రాసుకోవడానికి కూడా కంప్యూటర్ లేక ఇరవై రోజులు స్నేహితుడి గదికి తిరిగాను. ఆ బాధ మీ తమ్ముడికి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

తరువాత తెలుసుకున్నవి రెండున్నాయి. మొదటిది, 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే డిజిటల్ నాణెం పద్ధతి మారి గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వడం (మైనింగ్) ఆగిపోయాక, నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పెద్దఎత్తున పాత సరుకు బజారులోకి వచ్చాయి. రెండోది, ఆర్‌ఎక్స్ 580 పేరుతోనే రెండు రకాలున్నాయి. అసలుదానిలో 2304 షేడర్లు (బొమ్మల లెక్కలు చేసే చిన్న విభాగాలు) ఉంటాయి, ఇంకొకదానిలో 2048 మాత్రమే ఉంటాయి, అంటే అది బలంలో ఆర్‌ఎక్స్ 570తో సమానం. పెట్టె మీద చూస్తే తేడా తెలియకపోవచ్చు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి షేడర్ల అంకె చూస్తే తెలిసిపోతుంది. నేను డబ్బు ఇచ్చింది మొదటిదానికి, ఇంటికి తెచ్చుకున్నది రెండోది.

అయినా పాత కార్డు ఎప్పుడూ తప్పని నేను అనను. అమ్మేవారి ఇంటికి వెళ్లి, వారి కంప్యూటర్‌లోనే అరగంట పాటు ఆట నడిపించి, వేడి ఎంత వస్తోందో, ఫ్యాన్ శబ్దం ఎలా ఉందో చూసి, బిల్లు మీద వారంటీ ఇంకా మిగిలి ఉంటే తీసుకోవచ్చు. నేటికీ 1660 సూపర్ లాంటి 6 జీబీ కార్డు అలా దొరికితే మంచిదే. కానీ 5600జీతో మొదలుపెడితే, రేపు కార్డు పాడైనా చదువు ఆగదు. నేను మళ్లీ మొదటి నుంచి కొనవలసి వస్తే ఆ దారినే వెళ్తాను.

జవాబు 3
నాగావళి గట్టు, శ్రీకాకుళం

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, ఇరవై ఏళ్లుగా ఇళ్ల వైరింగ్ పనులు చేయిస్తున్నవాడిని. కంప్యూటర్ లోపలి సంగతులు పై ఇద్దరికీ వదిలేస్తాను. మిగిలిన 5,300 రూపాయల గురించి మాత్రం చెబుతాను. దాన్ని రంగుల లైట్లకో, హెడ్‌ఫోన్లకో పెట్టకండి, ఎర్తింగ్‌కూ, కరెంటు పోయిన వెంటనే అందుకునే బ్యాటరీ పెట్టె అయిన యూపీఎస్‌కూ పెట్టండి.

ముందు ఎర్తింగ్. మన పల్లెల్లో చాలా ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలుంటాయి కానీ పైదానికి వెనుక తీగ ఉండదు. ఉన్నా అది ఎర్తింగ్ గొయ్యి దాకా చేరదు. ఎస్‌ఎంపీఎస్‌లోని వడపోత కెపాసిటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండింటి మధ్యా ఉండి, వాటి నడిమి కొసను క్యాబినెట్ లోహానికి కలుపుతాయి. ఎర్తింగ్ లేకపోతే ఆ లోహపు డబ్బా దాదాపు సగం వోల్టేజీ మీద, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. అందులో ప్రవహించే కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణానికి ముప్పు ఉండదు కానీ, చెప్పులు లేకుండా నేల మీద నిలబడి డబ్బాను తాకితే వేళ్ల కొసలు జివ్వుమంటాయి. ఆ స్థితిలో టీవీకి హెచ్‌డీఎంఐ తీగ గుచ్చినా, పెన్‌డ్రైవ్ పెట్టినా ఆ పోర్టులు దెబ్బతినవచ్చు. మీ టీవీకి కేబుల్ కనెక్షన్ కూడా ఉంటే, కంప్యూటర్ కలిపేటప్పుడు రెండు ప్లగ్గులూ, ఆ కేబులూ తీసి ఉంచండి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మల్టీమీటరుతో సాకెట్ దగ్గర మూడు కొలతలు తీయించండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వస్తుందో, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. అలా రాకపోతే గొయ్యి చూడాలి. రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి, తడి నిలిచేలా చేయాలి. తీరం దగ్గరి ఇసుక నేలల్లో వేసవిలో ఆ గొయ్యి ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది, వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తే చాలు. స్నానాల గది నీళ్లు పారే చోటైతే ఇంకా మంచిది.

ఇక వోల్టేజీ. పైవారు చెప్పిన 80 ప్లస్ ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్ని 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి, దాని పట్టికలో ఈ అంకె ఉందో లేదో చూసి తీసుకోండి. అది ఉంటే మీ సాయంకాలపు వోల్టేజీ దానికి ఒక సమస్యే కాదు, ప్రత్యేకంగా స్టెబిలైజర్ కొనవలసిన పని లేదు.

ఇన్వర్టర్ మీద కంప్యూటర్ పెట్టే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కరెంటు పోయిన క్షణం నుంచి బ్యాటరీ అందుకునే వరకు ఎస్‌ఎంపీఎస్ తనలో నిల్వ ఉన్న శక్తితో, పూర్తి భారం మీద, సుమారు 16 మిల్లీసెకన్లు మాత్రమే నిలబెట్టగలదు. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో అంత త్వరగా మారదు, కంప్యూటర్ ఆగిపోతుంది. వెనుక ఉన్న స్విచ్చును యూపీఎస్ మోడ్‌కు తిప్పితే త్వరగా మారుతుంది, కానీ ఆ మోడ్‌లో అది తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు. సాయంత్రం మీ వీధిలో 180 కిందికి పడగానే, కరెంటు ఉండగానే అది బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. రాత్రి నిజంగా కరెంటు పోయే వేళకు ఫ్యాను తిప్పడానికి కూడా బ్యాటరీ మిగలదు. మా చుట్టాలింట్లో రెండేళ్లకే బ్యాటరీ పాడవడానికి కారణం ఇదేనని ఆలస్యంగా కనిపెట్టాను. అందుచేత ఇన్వర్టర్‌ను ఫ్యాన్లకూ లైట్లకూ వదిలేసి, కంప్యూటర్‌కు 600 వీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ విడిగా తీసుకోండి. అందులో వోల్టేజీని కొంత ఎత్తి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. 600 వీఏ అంటే సుమారు 360 వాట్లే. కార్డు లేని 5600జీకి ఇది చాలా ఎక్కువ. రేపు 132 వాట్ల కార్డు వేసినా, ఆటను భద్రపరచి కంప్యూటర్ ఆపుకోవడానికి కావలసిన నిమిషాలు దొరుకుతాయి.

తుఫాను మాటా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక మన జిల్లాలో స్తంభాలు వరుసలు వరుసలుగా పడిపోయి ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు తెలుసు. పాడైనవి గాలివానలో కంటే, కరెంటు తిరిగి వచ్చిన రోజునే ఎక్కువ. ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగి ఉంటే 230 రావలసిన ఇంటికి 400 దాకా రావచ్చు, ఏ ఎస్‌ఎంపీఎస్ కూడా దానికి తట్టుకోలేదు. గాలివాన హెచ్చరిక వినగానే ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. కరెంటు వచ్చాక ముందు ఒక బల్బు వేసి పది నిమిషాలు చూసి, వెలుగు నిలకడగా ఉంటేనే మళ్లీ పెట్టండి.

వంశధార ఒడ్డు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు రాసినదంతా తమ్ముడికి చదివి వినిపించాను. కార్డు ఇప్పుడు లేదనగానే కొంచెం చిన్నబోయాడు కానీ, తరువాత తీసి పారేయవలసింది ఏమీ ఉండదన్న మాట విని సమాధానపడ్డాడు. బిగించడం మాత్రం తానే చేస్తానంటున్నాడు. వస్తువులు ఎక్కడ కొనాలి, బిగించేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు 1 రాసినవారు, మళ్లీ

వాడినే చేయనివ్వండి. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ఆన్‌లైన్‌లో తీసుకున్నా ఫరవాలేదు, పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి ఫోనులో వీడియో తీయండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఒకే దుకాణంలో, విశాఖ ద్వారకానగర్ లాంటి చోట, సీరియల్ నంబర్లు వేసిన జీఎస్టీ బిల్లుతో తీసుకోండి. బిల్లు లేకుండా 18 శాతం మిగిల్చుకోవడమంటే వారంటీని అమ్ముకోవడమే. పెట్టెలో వచ్చే ప్రాసెసర్‌కు ఏఎండీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది, కూలర్ కూడా అందులోనే ఉంటుంది. ట్రే సరుకు పేరుతో విడిగా ఇచ్చే చిప్పుకు కంపెనీ వారంటీ వర్తించదు.

ఈ ప్రాసెసర్ అడుగున సూదుల్లాంటి పిన్నులుంటాయి. మూలన ఉన్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణంతో కలిపి, పైనుంచి ఏ మాత్రం నొక్కకుండా, దాని బరువుకు అదే దిగేలా వదలాలి. దిగకపోతే తీసి మళ్లీ చూడాలి కానీ నొక్కకూడదు. ర్యామ్‌లు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గడిలో, నాలుగో గడిలో పెట్టాలి, పక్కపక్కన పెడితే రెండు తూముల లాభం పోతుంది. మదర్‌బోర్డు పై మూలన ప్రాసెసర్‌కు విడిగా ఇచ్చే ఎనిమిది పిన్నుల తీగను చాలామంది మరచిపోతారు. కూలర్ అడుగున పేస్టు ముందే పూసి ఉంటుంది, వేలితో తాకవద్దు.

మొదటిసారి ఆన్ చేశాక నిమిషం పాటు తెర నల్లగా ఉండవచ్చు, ర్యామ్‌ను పరీక్షించుకుంటుంది, కంగారుపడి ఆపేయకండి. వెలిగాక బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి వెళ్లి, ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి. చేయకపోతే 3200 ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది, ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు.

వంశధార ఒడ్డు, 2025 జనవరి

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. జూలైలో అన్నీ కొన్నాం, మొత్తం 39,600 అయింది. అందులో 3,300 యూపీఎస్‌కు, 1,500 ఎర్తింగ్‌కు పోయాయి. నాగావళి గట్టు గారు చెప్పినట్టే కొలిపిస్తే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 38 వోల్టులు వచ్చింది. ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు విప్పి చూపించాడు. పచ్చ తీగ లోపల చుట్ట చుట్టి ఉంది, కొస ఎక్కడా బిగించి లేదు. ఇల్లు కట్టిన పదహారేళ్లుగా అది అలాగే ఉందట. కొత్త గొయ్యి పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన తీయించాం. ఇప్పుడు ఒకటిన్నర వోల్టు చూపిస్తోంది. అమ్మ చెట్టుకు నీళ్లు పోసేటప్పుడు దానికీ ఒక బిందె పోస్తోంది.

బిగించడానికి తమ్ముడికి నాలుగున్నర గంటలు పట్టింది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉండిపోయింది. మీరు ముందే చెప్పి ఉండకపోతే నేనే స్విచ్ కట్టేసేవాడిని. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కాసేపటికి టీవీ మీద కంపెనీ బొమ్మ వచ్చింది. ర్యామ్ మొదట 2400 వేగం చూపించింది, ఎక్స్‌ఎంపీ పెట్టాక 3200 అయింది. టీవీ మీద వాలొరెంట్ తక్కువ సెట్టింగులతో 150 ఫ్రేములు దాటుతోంది, జీటీఏ 5 మధ్యస్థంగా పెట్టుకుంటే 70కి అటూ ఇటూ వస్తోంది. టీవీ సెకనుకు 60 ఫ్రేములే చూపగలదు కాబట్టి ప్రస్తుతానికి ఇంతకు మించి అవసరం కూడా లేదని వాడే అన్నాడు. సంక్రాంతికి వచ్చిన మేనమామ ఇచ్చిన డబ్బుతో కలిపి కార్డు కోసం 9,000 పోగైంది. గ్రాఫిక్స్ కార్డు గడికి మదర్‌బోర్డుతో వచ్చిన ప్లాస్టిక్ మూతను దుమ్ము పడకుండా వాడు ఇంకా తీయకుండా ఉంచాడు.